చిన్న ప్రశ్న పట్టుకోండి: సోషల్ వర్క్ పీజీలో రిసెర్చ్ ప్రాజెక్టు చేసే పద్ధతి

సోషల్ వర్క్ పీజీలో ప్రాజెక్టు మొదలవగానే చాలామంది పెద్ద టాపిక్ కోసమే వెతుకుతారు. మహిళా సాధికారత, వృద్ధుల సమస్యలు, యువతలో మత్తు అలవాట్లు, వలస కార్మికుల జీవన పరిస్థితులు, ఇలా. ఇవి ప్రాజెక్టు టాపిక్‌లు కావు, ఒక్కోదాని మీద జీవితాంతం పనిచేసినవాళ్లు ఉన్నారు. మీ దగ్గర ఉండేది కొన్ని నెలల టైమ్, మధ్యలో ఫీల్డ్‌వర్కు, పరీక్షలు, మీతోపాటు ఇంకా చాలామందిని చూసుకోవాల్సిన ఒక గైడ్. అందుకని ఇక్కడ నేను మళ్లీ మళ్లీ చెప్పబోయేది ఒకటే: ప్రశ్నను మీరు ఇప్పుడు అనుకుంటున్న దానికంటే బాగా చిన్నది చేసుకోండి. మార్కుల సంగతి అలా ఉంచండి, మీకు టైమ్ ఇచ్చి తమ ఇంటి విషయాలు చెప్పుకునే మనుషుల పట్ల మర్యాదగా ఉండాలన్నా ప్రశ్న చిన్నదిగా ఉండాలి. పదిహేను మంది చెప్పేది శ్రద్ధగా వినగలిగినవాళ్లు రెండొందల మంది చెప్పేది వినలేరు, వాళ్ల చేత ఫారాలు నింపించగలరు, అంతే.

ప్రశ్నను ఎలా తగ్గించాలి

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే వెళదాం. మీకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్ల కుటుంబాల మీద పనిచేయాలని ఉంది అనుకోండి. "డిమెన్షియా రోగుల కుటుంబాల సమస్యలు" అని రాసుకుంటే అందులో డబ్బు, నిద్ర, అన్నదమ్ముల గొడవలు, ఆసుపత్రులు, మానసిక ఒత్తిడి, చట్టం అన్నీ ఉంటాయి, కాబట్టి ఏదీ ఉండదు. ఎవరు అని అడగండి: చూసుకునేది భార్యా భర్తలా, పిల్లలా? ఎప్పుడు అని అడగండి: జబ్బు బయటపడిన కొత్తలోనా, నాలుగైదేళ్లు గడిచాకా? ఏ సేవ దగ్గర అని అడగండి. ఇలా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట ఇలాంటిది తేలుతుంది: తల్లినో తండ్రినో డే కేర్ సెంటర్‌లో (పగటిపూట చూసుకుని సాయంత్రం ఇంటికి పంపే చోట) చేర్పించి మూడు నెలల లోపే మాన్పించిన పిల్లలు, మాన్పించడానికి ఏ కారణాలు చెబుతున్నారు?

ఇది చిన్న ప్రశ్నే, కానీ ఇందులో ఎవరిని కలవాలో ఉంది, ఎక్కడ వెతకాలో ఉంది, ఏం అడగాలో ఉంది. పైగా జవాబు దొరికితే పనికొచ్చే మనిషి ఒకరు ఉన్నారు, ఆ డే కేర్‌లో పనిచేసే సోషల్ వర్కర్. నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష. మీ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఎవరు ఏ పనిని మార్చి చేస్తారు? దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోతే ఇంకా ప్రశ్న తయారవలేదు. సోషల్ వర్క్ అంటే ఆచరణ మీద నిలబడిన వృత్తీ, చదువూ రెండూ అని అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య 2014లో ఆమోదించిన నిర్వచనంలోనే ఉంది. ఒక సమూహం ఎలా బతుకుతోందో వర్ణించి వదిలేస్తే అది మంచి సోషియాలజీ కావచ్చు, మన దగ్గర మాత్రం ఎగ్జామినర్ "అయితే ఇప్పుడు సోషల్ వర్కర్ ఏం చేయాలి" అని తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా.

టైటిల్‌లో "ప్రభావం" అన్న మాట పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఒక పథకం ప్రభావం, ఒక కౌన్సెలింగ్ ప్రభావం చూపించాలంటే అది మొదలవక ముందు పరిస్థితి ఎలా ఉందో కొలిచి ఉండాలి, లేదంటే ఆ సేవ అందని ఇంకో గుంపుతో పోల్చాలి, నిజానికి రెండూ ఉంటే ఇంకా మంచిది. ఒకేసారి వెళ్లి ఒకే సర్వే చేసి వస్తే మీకు తెలిసేది ప్రభావం గురించి వాళ్లు ఏమనుకుంటున్నారో మాత్రమే. అది తక్కువ విషయమేమీ కాదు, కానీ దాన్ని ఆ పేరుతోనే పిలవాలి: "లబ్ధిదారుల అభిప్రాయాలు", "అనుభవాలు". టైటిల్‌లో ఒక్క మాట మారిస్తే వైవాలో (ఎగ్జామినర్ ఎదుట జరిగే మౌఖిక పరీక్షలో) వచ్చే సగం ఇబ్బంది పోతుంది.

ప్రశ్న ఖాయం చేసుకునే ముందే, అంటే సినాప్సిస్ (ప్రాజెక్టు ప్లాన్ సారాంశం) ఇచ్చే ముందే, ఆ సంస్థకి వెళ్లి మాట్లాడి రండి. మాన్పించిన కుటుంబాల వివరాలు వాళ్ల దగ్గర ఉన్నాయా, ఆ కుటుంబాలను సంప్రదించడానికి సంస్థ ఒప్పుకుంటుందా, ఎవరి సంతకం కావాలి, ఎన్నాళ్లు పడుతుంది. నోటి మాటతో వచ్చిన "ఓకే"ని నమ్ముకోవద్దు, అధికారి మారితే ఆ ఓకే కూడా పోతుంది. ఉత్తరం తీసుకోండి. అనుమతి రాదని ముందే తెలిస్తే నష్టం లేదు, అన్నీ రాసుకున్నాక తెలిస్తే సెమిస్టర్ పోతుంది.

గైడ్‌తో పని

గైడ్‌ని మీరే ఎంచుకునే వీలు ఉంటే, టాపిక్ తెలిసినవాళ్లా పద్ధతి తెలిసినవాళ్లా అన్న ప్రశ్న వస్తుంది. నేనైతే పద్ధతి తెలిసి, రాసింది చదివే అలవాటు ఉన్నవాళ్లనే ఎంచుకోమంటాను. టాపిక్ మీరు చదివి తెలుసుకోవచ్చు. మీ పేజీలు చదివి "ఈ పేరాలో నువ్వు చెప్పిందానికి ఆధారం ఎక్కడుంది" అని అడిగే మనిషి దొరకడం కష్టం. సీనియర్లను అడగండి, పేజీలు పంపితే ఎన్ని రోజులకు తిరిగొస్తాయి, మార్జిన్‌లో ఏమైనా రాసి ఉంటుందా లేక "బాగుంది, కొనసాగించు" అనేనా. గైడ్‌ని కేటాయించేసి ఉంటే మొదటి మీటింగ్‌లోనే కొన్ని విషయాలు నేరుగా మాట్లాడేసుకోండి: ఎన్ని వారాలకి ఒకసారి కలవాలి, పేజీలు ఎన్ని రోజుల ముందు పంపాలి, మెయిల్ ఇష్టమా ఫోనా, సెలవుల్లో అందుబాటులో ఉంటారా. ఇవి అడగడం అమర్యాద కాదు. అడగకపోతేనే చివరి నెలలో ఇద్దరికీ టెన్షన్.

మీటింగ్‌కి ఖాళీ చేతులతో వెళ్లకండి. ఇది చాలామంది చెప్పే మాటే, కానీ ఎందుకో చూడండి: గైడ్ దిద్దగలిగేది కాగితం మీద ఉన్నదాన్ని మాత్రమే. మీ తలలో ఉన్న ఆలోచన వినడానికి ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఆయనకీ బాగానే వినిపిస్తుంది, అరగంట మాట్లాడుకుని ఇద్దరూ తృప్తిగా లేస్తారు, పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండు పేజీలైనా సరే, తప్పులున్నా సరే, మూడు నాలుగు రోజుల ముందు పంపండి, దాంతోపాటు మీకు జవాబు కావాల్సిన రెండు మూడు ప్రశ్నలు పైన రాయండి. "ఎలా ఉంది సార్" అని అడిగితే "పర్లేదు" అనే వస్తుంది. "మాన్పించిన కుటుంబాలతో పాటు కొనసాగిస్తున్న కుటుంబాలనూ కొందరిని కలవాలా, లేక ప్రశ్న పెద్దదైపోతుందా" అని అడిగితే నిజమైన చర్చ జరుగుతుంది.

మీటింగ్ అయిన రోజే చిన్న మెయిల్ పెట్టండి: ఈ రోజు అనుకున్నవి ఇవి, నేను చేయబోయేవి ఇవి, వచ్చే మీటింగ్ ఫలానా రోజు. అయిదు నిమిషాల పని. గైడ్ రెండు నెలల తర్వాత వేరే మాట చెప్పినప్పుడు (చెబుతారు, వాళ్లకీ పది ప్రాజెక్టులు కలిసిపోతుంటాయి) ఆ మెయిల్ చూపించి, "మేడమ్, అప్పుడు ఇలా అనుకున్నాం, ఇప్పుడు మారుద్దామా" అని మర్యాదగా అడగవచ్చు.

గైడ్ చెప్పింది మీకు నచ్చకపోతే? ముందు ఆ సలహా వెనక కారణం అడగండి, తర్వాత మీ కారణం రాసి చూపించండి, నోటితో వాదించేకంటే రాస్తే ఇద్దరికీ తేలిక. పద్ధతి, ఎథిక్స్ విషయాల్లో గైడ్ మాటకి బరువు ఇవ్వండి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే నష్టం మీకు కాదు, మీతో మాట్లాడినవాళ్లకి. ప్రశ్న మీద, రాసే తీరు మీద మాత్రం మీ అభిప్రాయాన్ని తొందరగా వదులుకోకండి, డిగ్రీ మీది, వైవాలో కూర్చునేదీ మీరే. గైడ్ వారాల తరబడి పలకకపోతే రెండుసార్లు రాతపూర్వకంగా గుర్తు చేసి ఆ తర్వాత కోర్సు కోఆర్డినేటర్‌కి చెప్పండి, ఫిర్యాదులా కాకుండా "నేను ఇక్కడ ఆగిపోయాను, ఎవరిని అడగాలి" అని. గడువుకి పది రోజుల ముందు చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

చదవడం

లిటరేచర్ రివ్యూలో, అంటే ఇంతకుముందు జరిగిన పరిశోధనలను సమీక్షించే చాప్టర్‌లో, ఎక్కువగా కనిపించే తీరు ఒకటుంది: ఫలానావారు ఫలానా ఏడాది ఇలా కనుగొన్నారు, తర్వాత పేరా ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. ఇది రివ్యూ కాదు, జాబితా. చదివినవాటిని మనుషుల పేర్ల కింద కాకుండా మీ ప్రశ్న కింద సర్దండి. మన ఉదాహరణలో అయితే: డే కేర్ సేవలు ఎవరు వాడుకుంటున్నారు, మానేయడానికి ఇంతకుముందు ఏ కారణాలు తేలాయి, ఆ కారణాల్లో ఎక్కడ ఒకరితో ఒకరు విభేదించారు, ఎవరిని అసలు ఎవరూ అడగలేదు. ఆ చివరిది దొరికితే మీ ప్రాజెక్టుకి చోటు దొరికినట్టే.

గూగుల్ స్కాలర్‌లో ఒక మంచి వ్యాసం దొరికితే దాని కింద దాన్ని ఉదహరించిన తర్వాతి వ్యాసాల లింకు ఉంటుంది, అక్కడి నుంచి ముందుకు, ఆ వ్యాసం చివరి రెఫరెన్సుల నుంచి వెనక్కి వెళ్లండి. చదివిన ప్రతిదానికీ ఒక వరస రాసుకోండి, ఎవరిని అడిగారు, ఎంతమంది, ఏ పద్ధతి, ఏం తేలింది, నాకేం పనికొస్తుంది. జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజు నుంచే దాచుకోండి. సారాంశం మాత్రమే చదివి వ్యాసాన్ని ఉదహరించకండి, సారాంశంలో లేని జాగ్రత్తలు చాలావరకు లోపల ఉంటాయి.

ఎంతమందిని కలవాలి, ఎలా అడగాలి

384 అన్న అంకె మీకు ఎక్కడో తగిలే ఉంటుంది. క్రెజ్సీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన పట్టికలో పది లక్షల జనాభాకి వచ్చే శాంపిల్ అది, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూ తేడాతో ఒక నిష్పత్తిని అంచనా వేయడానికి. అందులో అందరూ మరిచిపోయే షరతు ఏమిటంటే, ఆ 384 మందినీ యాదృచ్ఛికంగా, అంటే జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండేలా తీసుకోవాలి. తెలిసినవాళ్లకి గూగుల్ ఫారం పంపి 384 జవాబులు పోగేస్తే ఆ అంకెకి అర్థం ఉండదు. దానికంటే "నేను తీసుకున్నది అందుబాటులో ఉన్నవారి శాంపిల్, ఇది అందరికీ వర్తించదు" అని ఒప్పుకుని 60 మందితో జాగ్రత్తగా చేసిన సర్వే ఎక్కువ విలువైనది.

మన డే కేర్ ప్రశ్నకి అసలు సర్వే అక్కర్లేదు. "ఏ కారణాలు చెబుతున్నారు" అన్నప్పుడు కారణాలు ముందే మనకి తెలియవు, కాబట్టి ఇంటర్వ్యూలే సరైన దారి. ఎన్ని చాలు? కొత్త సంగతులు రావడం ఆగిపోయేదాకా అని పుస్తకాలు అంటాయి, ప్లాన్ వేసుకోవడానికి ఒక అంకె కావాలి కదా. గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు, ఘనా, నైజీరియాల్లో చేసిన 60 ఇంటర్వ్యూలను మళ్లీ పరిశీలించి, 2006లో వచ్చిన వ్యాసంలో, మొదటి 12 అయ్యేసరికి దాదాపు అన్ని అంశాలూ వచ్చేశాయని, ముఖ్యమైనవి 6 దగ్గరే కనిపించాయని చూపించారు. అది ఒకే రకం అనుభవం ఉన్నవాళ్లతో, దగ్గర దగ్గరగా ఒకే ప్రశ్నలతో చేసిన పని అని గుర్తుపెట్టుకోండి. ప్రశ్న చిన్నదిగా, గుంపు దగ్గరగా ఉంటే 12 నుంచి 15 ఇంటర్వ్యూలు పీజీ ప్రాజెక్టుకి సమర్థించుకోగలరు. కొడుకులు, కూతుళ్లు, భార్యలు, భర్తలు, జీతానికి పెట్టుకున్న మనుషులు అందరినీ కలిపేస్తే 40 కూడా చాలవు. ప్రశ్న చిన్నదిగా ఉండాలని అన్నది ఇందుకూ.

స్కేలు (ఒక విషయాన్ని మార్కుల్లో కొలిచే ప్రశ్నావళి) వాడాలనుకుంటే కొత్తది తయారు చేయకండి, అది వేరే ప్రాజెక్టు. చూసుకునేవాళ్ల భారాన్ని కొలవడానికి జారిట్ బర్డెన్ ఇంటర్వ్యూ అనే ప్రశ్నావళి ఉంది, 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4. ఇలాంటివి వాడేముందు హక్కుదారుల అనుమతి కావాలేమో చూడండి, మీరు మాట్లాడబోయేవాళ్ల భాషలో పరీక్షించిన అనువాదం ఉందేమో వెతకండి. లేకపోతే ఒకరు అనువదించి, అసలు స్కేలు చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి అనువదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సి ఉంటుంది. మీ శాంపిల్‌లో క్రాన్‌బాక్ ఆల్ఫా (స్కేలులోని ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య) ఎంత వచ్చిందో రిపోర్టులో రాయండి, 0.70 పైన ఉంటే మామూలుగా ఒప్పుకుంటారు.

ఇంటర్వ్యూ ప్రశ్నలు ఎనిమిదో పదో చాలు. "మీకు ఒత్తిడిగా ఉందా" అని అడిగితే ఉంది అంటారు, అక్కడితో అయిపోతుంది. "అమ్మగారిని మొదటిసారి అక్కడ దింపి వచ్చిన రోజు ఎలా గడిచింది" అని అడగండి. "ఎందుకు మాన్పించారు" అన్నది నేరం అడిగినట్టు ఉంటుంది, మనిషి వెంటనే సమర్థించుకోవడం మొదలుపెడతారు. "ఇక వద్దు అనుకున్న సమయంలో ఇంట్లో ఏం జరుగుతోంది" అంటే కథ వస్తుంది. ఇద్దరు ముగ్గురితో పైలట్, అంటే ట్రయల్, చేసి, ఏ ప్రశ్న దగ్గర వాళ్లు ముఖం చిట్లించారో, ఏ మాట మళ్లీ చెప్పమన్నారో గమనించి మార్చండి.

ఎథిక్స్ అంటే ఫారం నింపడం కాదు

అమెరికాలో టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులను జబ్బు ఎలా ముదురుతుందో చూడటానికి గమనిస్తూ ఉండిపోయారు, 1940ల్లో దానికి మందుగా పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వాళ్లకి ఇవ్వలేదు. అది బయటపడ్డాక జరిగిన చర్చల నుంచి 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది, మనుషుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అన్న మూడు సూత్రాలతో. ఇందులో సోషల్ వర్క్ విద్యార్థులు తక్కువగా ఆలోచించేది మూడోదాని గురించి. పరిశోధన భారం ఎవరి మీద పడుతోంది? షెల్టర్ హోముల్లో, పిల్లల సంరక్షణ కేంద్రాల్లో, డీ-అడిక్షన్ వార్డుల్లో ఉన్నవాళ్లు సులువుగా దొరుకుతారు, ఒకేచోట ఉంటారు, వద్దనలేరు. ప్రతి బ్యాచ్ వాళ్ల దగ్గరికే వెళుతుంది, ప్రతి ఏడాదీ అవే గాయాలు అడుగుతుంది. మీ ప్రశ్నకి జవాబు సిబ్బందిని అడిగి, లేదా అనుమతితో పాత రికార్డులు చూసి తెలుసుకోగలిగితే, ఆ మనుషులను వదిలేయండి. సోషల్ వర్కర్ల మీద చేసిన ప్రాజెక్టు కూడా సోషల్ వర్క్ ప్రాజెక్టే.

మీరు ఫీల్డ్‌వర్క్ చేస్తున్న సంస్థలోనే డేటా తీసుకుంటే ఇంకో చిక్కు ఉంది. నిన్నటిదాకా వాళ్లకి మీరు సాయం చేసే మనిషి, ఈ రోజు సంతకం అడిగితే కాదనడం వాళ్లకి కష్టం, కాదంటే సేవ ఆగిపోతుందేమో అన్న భయం ఉంటుంది, అది పైకి చెప్పరు. అందుకే మీ సొంత క్లయింట్లను శాంపిల్‌లో పెట్టుకోకండి. మిగతావాళ్ల విషయంలో కూడా సమాచార పత్రం ఇంకొకరి చేత ఇప్పించండి, ఆలోచించుకోవడానికి రెండు మూడు రోజులు ఇవ్వండి, ఇష్టమైతే వాళ్లే మీకు ఫోన్ చేసేలా పెట్టండి. ఇలా చేస్తే తక్కువమంది వస్తారు, నిజమే. వచ్చినవాళ్లు మాత్రం ఒప్పుకునే వస్తారు.

సమ్మతి పత్రంలో "అంతా రహస్యంగా ఉంచుతాం" అని రాసేయకండి, అది నిజం కాకపోవచ్చు. ఎవరైనా పిల్లల మీద హింస జరుగుతోందని చెబితే, ప్రాణం తీసుకోవాలని ఉందని చెబితే, మీరు మౌనంగా ఉండలేరు, చాలాచోట్ల చట్టం కూడా ఊరుకోదు. ఆ హద్దు ముందే, మామూలు మాటల్లో చెప్పండి. అలాంటిది జరిగితే ఎవరికి ఫోన్ చేస్తారో, ఎంత సేపట్లో గైడ్‌కి చెబుతారో ప్రపోజల్‌లోనే రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మనిషి ఏడిస్తే రికార్డర్ ఆపండి, కాసేపు ఆగండి, కొనసాగించాలా అని అడగండి, వద్దంటే అక్కడితో ఆపేయండి. మీరు అక్కడ కౌన్సెలర్‌గా వెళ్లలేదు, కాబట్టి ఉన్నపళంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదు, కానీ సాయం దొరికే చోట్ల వివరాలున్న కాగితం మీ సంచిలో ఉండాలి.

ఎథిక్స్ కమిటీ ఆమోదానికి వారాలు పడుతుంది, కొన్నిచోట్ల నెలలు. ఆమోదం రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకండి, తర్వాత దాన్ని వాడుకునే వీలుండదు. ఆ ఎదురుచూసే టైమ్‌లో లిటరేచర్, మెథడాలజీ చాప్టర్లు రాసేయండి.

ఫీల్డ్‌లో ఉన్నప్పుడు

ఇంటర్వ్యూ అయిన రోజే నోట్స్ రాయండి: గది ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, ఎక్కడ గొంతు తగ్గింది, మీకు ఏమనిపించింది. పక్క గదిలో అత్తగారు ఉన్నప్పుడు కోడలు చెప్పిన జవాబుకీ ఒంటరిగా చెప్పిన జవాబుకీ తేడా ఉంటుంది, రికార్డింగులో అది వినిపించదు.

గంట రికార్డింగు రాసుకోవడానికి నాలుగైదు గంటలు, మాటలు కలిసిపోతే ఆరు కూడా పడుతుంది, ఇది లెక్కలో వేసుకోకుండా చాలామంది ఇంటర్వ్యూలన్నీ పూర్తిచేసి కూర్చుంటారు. ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక దాన్ని రాసేసి తర్వాతదానికి వెళ్లండి, రాస్తుంటే మీరు ఎక్కడ మధ్యలో అడ్డుపడ్డారో తెలుస్తుంది, తర్వాతి ఇంటర్వ్యూ మెరుగవుతుంది. ఏదో ఉచిత వెబ్‌సైట్లో ఆడియో ఎక్కించి టెక్స్ట్ తీసుకోవడం సులువే, కానీ ఆ మనిషి తన గొంతుని మీకు ఇచ్చారు, ఆ వెబ్‌సైట్‌కి ఇవ్వలేదు. కమిటీ ఒప్పుకున్న సాధనం అయితేనే వాడండి. పేర్లకి బదులు కోడ్ నంబర్లు పెట్టి, పేర్లూ నంబర్లూ ఉన్న జాబితాని విడిగా, పాస్‌వర్డ్ పెట్టి దాచండి.

మీకూ బరువుగా అనిపిస్తుంది. ఒకే వారంలో నాలుగు కష్టమైన ఇంటర్వ్యూలు పెట్టుకోకండి, అనిపించింది గైడ్‌తో మాట్లాడండి. ఫీల్డ్‌వర్క్ సూపర్‌విజన్‌లో మాట్లాడుకున్నట్టే ఇక్కడా మాట్లాడుకోవచ్చు.

చేతికొచ్చినదాన్ని ఏం చేయాలి

ఇంటర్వ్యూలకి థీమాటిక్ అనాలిసిస్ (చెప్పిన మాటల్లో పదేపదే కనిపించే అర్థాలను వెతికే పద్ధతి) వాడేవాళ్లే ఎక్కువ, బ్రౌన్, క్లార్క్ 2006లో చెప్పిన ఆరు దశలు అందరికీ తెలిసినవే: బాగా చదవడం, కోడ్లు వేయడం (ఒక్కో మాటకి చిన్న పేరు తగిలించడం), థీమ్‌లు వెతకడం, వాటిని తిరిగి పరీక్షించడం, పేర్లు పెట్టడం, రాయడం. పీజీ ప్రాజెక్టుల్లో సాధారణంగా మూడో దశ దగ్గరే బండి ఆగుతుంది. "ఆర్థిక కారణాలు", "కుటుంబ కారణాలు", "సామాజిక కారణాలు" అని మూడు డబ్బాలు చేసి అందులో వాళ్లన్న మాటలు పడేస్తారు. అవి ఇంటర్వ్యూలు చేయకముందు కూడా మీకు తెలుసు. థీమ్ అంటే ఒక వాక్యంగా చెప్పగలిగినది, ఎవరైనా కాదనగలిగినది. "ఖర్చు గురించి మాట్లాడినవాళ్లు కూడా, బంధువుల మాటలు మొదలయ్యాకే మాన్పించారు" అన్నది థీమ్. మీ డేటాలో అది నిలుస్తుందో లేదో చూడవచ్చు, నిలవని ఇంటర్వ్యూ ఒకటి ఉంటే దాన్ని దాచకుండా దాని గురించే ఒక పేరా రాయవచ్చు. ఆ పేరా చాలాసార్లు చాప్టర్ మొత్తంలో మంచి పేరా అవుతుంది.

సర్వే చేసినవాళ్లకి రెండు మాటలు. పదిహేను మందిలో ముగ్గురిని 20 శాతం అని రాయకండి, ముగ్గురు అనే రాయండి. కై-స్క్వేర్ (రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చూసే లెక్క) వేసేముందు పట్టిక గడుల్లో ఉండాల్సిన అంచనా సంఖ్యలు చూడండి, 20 శాతానికి మించి గడుల్లో అది 5 కంటే తక్కువైతే ఫలితాన్ని నమ్మలేం. వయసు, చదువు, ఆదాయం, మతం ఒక్కోదానికి ఒక పై-చార్టు పెట్టి పేజీలు నింపడం మానేసి అవన్నీ ఒక్క పట్టికలో పెట్టండి.

రాయడం, వైవా

ఒక్కో చాప్టర్ అవగానే గైడ్‌కి పంపండి, అన్నీ కలిపి చివర్లో కాదు. ముందుగా మెథడాలజీ రాయండి, మీరు చేసింది మీకు తెలుసు కాబట్టి తేలిగ్గా సాగుతుంది. పరిచయం చివర రాయండి. సూచనల చాప్టర్ దగ్గర కాస్త కఠినంగా ఉండండి: ప్రతి సూచన పక్కన అది మీ ఫలితాల్లో ఏ పేజీ నుంచి వచ్చిందో పెన్సిల్‌తో రాయండి, పేజీ దొరకకపోతే కొట్టేయండి. "ప్రభుత్వం అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలి" అన్న వాక్యం అలా చాలా ప్రాజెక్టుల్లోంచి పోతుంది, పోనివ్వండి. దాని బదులు "మొదటి నెలలో డే కేర్ సోషల్ వర్కర్ ఇంటికి ఒకసారి వెళ్లి, మాన్పించమని ఒత్తిడి చేస్తున్న బంధువుతో కూడా మాట్లాడాలి" అని ఉంటే ఎవరైనా రేపే మొదలుపెట్టగలరు.

పరిమితులు నిజాయితీగా రాయండి, కానీ ఒక్కోదానికి ఫలితం మీద దాని ప్రభావం ఏమిటో కూడా చెప్పండి. "టైమ్ సరిపోలేదు" అన్నది పరిమితి కాదు. "సంస్థ ద్వారానే సంప్రదించాను, కాబట్టి సంస్థతో గొడవపడి మానేసినవాళ్లు నాకు దొరికి ఉండకపోవచ్చు" అన్నది పరిమితి.

వైవాలో అడిగేవి ఎక్కువగా ఎంపికల గురించే ఉంటాయి: ఈ పద్ధతే ఎందుకు, వీళ్లనే ఎందుకు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు. తెలియనిదానికి తెలియదని చెప్పండి, మీ డేటా చెప్పనిదాన్ని చెప్పించబోకండి. ప్రశ్న చిన్నదైతే ఇక్కడ మీకు బలం ఉంటుంది, ఎందుకంటే ఆ పదిహేను ఇంటర్వ్యూల గురించి ఆ గదిలో మీకంటే తెలిసినవాళ్లు ఉండరు.

డిగ్రీ పని అయ్యాక ఇంకా రెండు పనులుంటాయి. ఒకటి, సంస్థకీ, మీతో మాట్లాడినవాళ్లలో కావాలన్నవాళ్లకీ ఒక పేజీ సారాంశం, మామూలు భాషలో, పంపడం. చదవలేనివాళ్లకి ఫోన్ చేసి చెప్పడం. ఇది సమ్మతి పత్రంలో మాట ఇచ్చి ఉంటే తప్పనిసరి. చిన్న సంస్థ అయితే సిబ్బంది ఆ పేజీలోని మాటలను బట్టి ఎవరు అన్నారో పోల్చుకోగలరు, కాబట్టి వాళ్లన్న మాటలు యథాతథంగా పెట్టకుండా విషయం మాత్రం రాయండి. రెండోది, రికార్డింగులు ఎప్పటికి చెరిపేస్తామని కమిటీకి రాశారో ఆ తేదీని క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, క్లౌడ్ బ్యాకప్‌లో, పేర్ల జాబితాతో సహా అన్నీ తీసేసి, తీసేశానని గైడ్‌కి ఒక మెయిల్ పెట్టడం.